స్త్రీల సమాజం చిన్నపిల్లల విభాగం: 2025 వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియమైన అధ్యక్షురాలికి, సభ్యులందరికీ వందనాలు.

విభాగం ఆశయాలు మీకు తెలిసినవే కనుక, ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగిన ఈస్టర్ చేతిపనుల గురించే ముందుగా మనవి చేస్తున్నాను. బజారులో రంగు కాగితమైనా కొనకుండా, ఇంట్లో పారవేసే వాటితోనే మూడు నుంచి ఏడేళ్ల పిల్లల చేత ఈ పనులు చేయించాలని కమిటీ తీర్మానించింది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లలు కొబ్బరి చిప్పలతో యేసు సమాధి నమూనాలు కట్టారు. పెద్దలు అంచు పగలగొట్టి ద్వారం చేసిన చిప్పను పాత పళ్లెంలో బోర్లించి, లోపల నారబట్టలకు గుర్తుగా తెల్లగుడ్డ ముక్క పెట్టి, ద్వారానికి గులకరాయి అడ్డం ఉంచి, చుట్టూ మట్టి పోసి మెంతులు చల్లారు. నాలుగు రోజుల్లోనే మొలకలు వచ్చాయి. పండుగ దాకా రాయి తీయవద్దని ఎంత చెప్పినా, ఒక బుడతడు బుధవారమే దొర్లించి చూసి, లోపల ఎవరూ లేరని వాళ్లమ్మకు చెప్పాడట.

19వ తేదీ శనివారం గుడ్లకు రంగులు వేయించాము. గుడ్డుమీద కొత్తిమీర ఆకు పరిచి, పాత వాయిలు చీర పేలికతో బిగించి కట్టడం పిల్లల వంతు. ఉల్లితొక్కలు మరిగించిన నీళ్లలో చెంచాడు వెనిగర్ పోసి వాటిని ఉడికించడం మా వంతు. కట్టు విప్పితే ఇటుకరంగు గుడ్డుమీద ఆకు అచ్చు ఈనెలతో సహా తెల్లగా తేలింది. పాత శుభలేఖలతో సీతాకోకచిలుకలు కూడా చేశారు. పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారని మైదా జిగురులో మైలతుత్తం కలపనివ్వలేదు. అందువల్ల అది మర్నాటికే పులిసిపోయింది.

సహాయానికి పేర్లిచ్చిన సోదరీమణుల్లో సగం మందైనా ఆ శనివారం రాలేదని బాధతో నమోదు చేస్తున్నాను. పొయ్యి దగ్గర ఒకరు, పిల్లల దగ్గర ముగ్గురు తప్ప మరెవరూ లేకపోవడంతో, గుడ్లు చల్లారే లోపు పళ్లేలు కడిగే పనీ మాదే అయింది. సమాధుల తోటకు వెళ్లే దారిలో దీపాలు వేయించమని రెండుసార్లు అర్జీ ఇచ్చినా అధికారులు పట్టించుకోలేదు; 20వ తేదీ తెల్లవారుజామున పిల్లలు తమ మొలకల పళ్లేలు పట్టుకొని కొవ్వొత్తుల వెలుగులోనే నడిచారు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి చదువుతారు. గుడ్లు, వెనిగర్, మైదా తప్ప ఈ పనికి వేరే ఖర్చు లేదు. చిప్పలు పోగుచేసిన యౌవనస్థులకు, తొక్కలు దాచి ఇచ్చిన హోటల్ వారికి, మాకు వంటగది వదిలిన సంఘ కాపరి భార్య అయిన అమ్మగారికి, బల్లలు మోసిన సోదరులకు కృతజ్ఞతలు.

2026లో మట్టల ఆదివారం మార్చి 29న, ఈస్టర్ ఏప్రిల్ 5న వస్తున్నాయి. ఫిబ్రవరి నుంచే ఉల్లితొక్కలు కాగితపు సంచిలో ఎండబెట్టి ఉంచవలసిందిగా, శనివారం తప్పక రాగలవారే పేర్లివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి