తలలు లెక్కపెడితే కష్టం తెలియదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. మొన్నటి ఆదివారం మీ ఆటల పేజీలో బేస్‌బాల్ మైలురాళ్లలో ఏది కష్టమో తేలుస్తూ వేసిన పట్టికను చూసిన వెంటనే రాయవలసింది. నాకంటే తెలిసినవారు ఎవరైనా రాస్తారు, మీరే సవరణ వేస్తారు అని ఆగాను. సవరణ రాలేదు సరికదా, అదే పట్టికను రంగుల బొమ్మలతో అలంకరించి వారం మధ్యలో మరోసారి అచ్చువేశారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మీ ప్రతినిధి అనుసరించిన పద్ధతి చాలా సులువైనది. 3000 స్ట్రయికౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రయిక్‌లతో అవుట్ చేయడం) చేసిన పిచర్లు, అంటే బంతి వేసేవారు, 20 మంది, 300 విజయాలు దక్కిన పిచర్లు 24 మంది, 500 హోమ్‌ రన్‌లు కొట్టినవారు 28 మంది, 3000 హిట్లు (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడం) కొట్టినవారు 33 మంది. కాబట్టి అన్నిటికంటే కష్టమైనవి స్ట్రయికౌట్లు, అన్నిటికంటే తేలికైనవి హిట్లు అని తీర్పు చెప్పేశారు. ఈ నాలుగు అంకెలూ సరైనవే, అందులో నాకు పేచీ లేదు. అయితే మెట్ట పొలం దిగుబడినీ, కాలువ కింద మాగాణి దిగుబడినీ పక్కపక్కన వేసి ఏ రైతు సమర్థుడో తేల్చినట్టుంది ఆ తీర్పు.

ఆ 20 మంది ఎప్పుడెప్పుడు 3000 స్ట్రయికౌట్లకు చేరారో ఒక్కసారి చూసినా ఈ పొరపాటు జరిగేది కాదు. వాల్టర్ జాన్సన్ 1923లో చేరిన తరువాత రెండోవాడు బాబ్ గిబ్సన్ రావడానికి 1974 దాకా పట్టింది. అర్ధశతాబ్దం పాటు ఒక్కడే ఉన్న చోటికి ఆ తరువాతి అర్ధశతాబ్దంలో పందొమ్మిది మంది వచ్చారు. మరోవైపు, 2009 జూన్‌లో వాషింగ్టన్‌లో రాండీ జాన్సన్ 300వ విజయం అందుకున్నాక ఆ గడప తొక్కినవాడు నేటికీ లేడు. ఈ మధ్యకాలంలోనే సబాతియా, వెర్లాండర్, షెర్జర్, 2025 జులైలో కెర్షా, ఇలా నలుగురు 3000 స్ట్రయికౌట్లు పూర్తిచేశారు. వారిలో కెర్షా 223 విజయాలతో ఆట నుంచి తప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, నేటి పిచర్‌కు ఈ రెండింటిలో ఏది కష్టం?

కారణం కూడా దాగి ఉన్నది కాదు. నేటి బ్యాటర్లు స్ట్రయికౌట్ అయినా ఫర్వాలేదని హోమ్‌ రన్ కోసమే బ్యాటు ఝళిపిస్తున్నారు గనుక స్ట్రయికౌట్లు కుప్పలుగా రాలుతున్నాయి. విజయం సంగతి వేరు. మొదట దిగిన పిచర్ ఖాతాలో విజయం పడాలంటే అతను కనీసం అయిదు ఇన్నింగ్సులు పూర్తిచేయాలి, దిగిపోయేటప్పటికి జట్టు ఆధిక్యంలో ఉండాలి, ఆ తరువాత వచ్చేవారు ఆ ఆధిక్యాన్ని ఒక్కసారి కూడా జారవిడవకూడదు. 1972లో స్టీవ్ కార్ల్‌టన్ 41 ఆటలు మొదలుపెట్టి 30 ఆటలు తానే ముగించాడు. ఆ ఏడాది ఫిలడెల్ఫియా జట్టు గెలిచినవి 59 అయితే అందులో 27 అతనివే. ఇప్పుడు అయిదుగురు వంతులవారీగా బంతి వేస్తున్నారు, ఒక్కొక్కరికి ఏడాదికి 32 లేదా 33 ఆటలు దక్కితే గొప్ప, ఆరో ఇన్నింగ్సు రాగానే మేనేజరు లేచి నిలబడతాడు. 2018లో జేకబ్ డిగ్రామ్ పరుగులు ఇవ్వడంలో 1.70 సగటుతో (ఇది ఎంత తక్కువైతే అంత మేలు) ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలుచుకున్నాడు, అతని విజయాలు మాత్రం పదే. 2025లో మేజర్ లీగు బేస్‌బాల్‌లోని రెండు లీగులలో కలిపి ఒక్కరు కూడా 20 విజయాలు అందుకోలేదు. ఏటా 15 చొప్పున ఇరవై ఏళ్లు గెలిస్తే తప్ప 300 రావు. ఆ సీజన్ ముగిసేసరికి 266 దగ్గర ఉన్న వెర్లాండర్‌కు ఆ ఏడాది జులై మూడో వారం గడిచేదాకా మొదటి విజయమే దక్కలేదు.

ఆ మాటకొస్తే వెనకటి రోజులలో కూడా ఆఖరి మెట్టు తేలికేమీ కాదు. పిచర్ ఎర్లీ విన్ 1962 సెప్టెంబరులో 299 విజయాలకు వచ్చి ఆగిపోయాడు. జట్టు వదిలేసింది, మరో జట్టు పిలిచింది. 1963 జులైలో, 43 ఏళ్ల వయసులో, కాన్సాస్ సిటీ మీద సరిగ్గా అయిదు ఇన్నింగ్సులు వేసి ఒక్క పరుగు ఆధిక్యంతో దిగిపోతే, మిగిలిన నాలుగు ఇన్నింగ్సులు జెర్రీ వాకర్ కాపాడుకొచ్చాడు. ఆ తరువాత విన్‌కు మరో విజయం రాలేదు.

ఇక తేలికైనవని మీరు తేల్చిన హిట్ల సంగతి. 2022 ఏప్రిల్ 21న డెట్రాయిట్ కొమెరికా పార్కులో ఆ ఊరి జట్టు బ్యాటర్ మిగెల్ కబ్రేరా 2999 హిట్ల దగ్గర ఉన్నాడు, నేనూ ఆ జనంలో ఉన్నాను. ఎనిమిదో ఇన్నింగ్సులో అతను బ్యాటు పట్టుకుని రాగానే ఎదుటి జట్టు యాంకీస్ మేనేజరు వేలు చూపించి అతన్ని ఒకటో బేస్‌కు పంపేశాడు. 2017లో తెచ్చిన నిబంధన పుణ్యమా అని ఇందుకు ఒక్క బంతి కూడా వేయనక్కరలేదు. స్టేడియం మొత్తం గోల చేసింది. తరువాత వచ్చిన డెట్రాయిట్ బ్యాటర్ మెడోస్ రెండు పరుగులు రాబట్టి ఆ మేనేజరుకు తగిన జవాబు చెప్పాడనుకోండి, అది వేరే విషయం. అసలు విషయం ఏమిటంటే, ఇలా కొట్టకుండానే ఒకటో బేస్‌కు పోయే వాక్ అనేది హిట్ల లెక్కలోకి రాదు. ఎదుటివాడు ఎంత భయపడితే బ్యాటర్‌కు హిట్లు అంత తగ్గుతాయి. 2873 హిట్లతో బేబ్ రూత్, 2654తో టెడ్ విలియమ్స్, 2935తో బారీ బాండ్స్ మీ జాబితా బయటే నిలబడ్డారు. ముగ్గురికీ రెండేసి వేలకు పైగా వాక్‌లున్నాయి. విలియమ్స్ అయితే రెండు యుద్ధాలలో దాదాపు అయిదు సీజన్లు సైన్యానికి ఇచ్చాడు. వీరు ముగ్గురూ తేలికైన పని చేయలేకపోయారని మీ పట్టిక చెబుతోంది!

హోమ్‌ రన్‌ల విషయంలో మీ ప్రతినిధి మౌనం ఇంకా ఆశ్చర్యకరం. 1929లో రూత్‌తో మొదలైన ఈ జాబితాలో 1996 ముగిసేసరికి 15 మంది ఉన్నారు. 1999 నుంచి 2009 లోపల మరో పదిమంది చేరిపోయారు, అందులో ముగ్గురు 2007 ఒక్క ఏడాదిలోనే. ఆ రోజులలో ఆటగాళ్ల నరాలలో ఏ స్టెరాయిడ్లు ప్రవహించేవో ఊరందరికీ తెలుసు, ఒక్క మీ ఆటల విభాగానికి తప్ప. వీరందరి పక్కన వెనకటి తరం హాంక్ ఆరన్‌ను వేసి అందరూ సమానమే అనడం న్యాయమా? ఆరన్ 755 హోమ్‌ రన్‌లనూ తీసివేసినా అతనికి ఇంకా 3016 హిట్లు మిగులుతాయి.

మిమ్మల్ని మాత్రమే అనడం కూడా సబబు కాదేమో. ఆటను నడిపే పెద్దలే అంకెలను తమకు తోచినట్టు వాడుకుంటున్నారు. 4256 హిట్లు కొట్టిన పీట్ రోజ్ మీద పందేలు కాసినందుకు 1989లో వేసిన నిషేధాన్ని, ఆయన బతికుండగా కదిలించని వారు, పోయిన ఏడెనిమిది నెలలకు 2025 మేలో తొలగించారు. మేజర్ లీగులలోకి రానివ్వని రోజులలో నల్లజాతివారు ఆడిన లీగుల లెక్కలను అధికారిక రికార్డులలో కలపడానికి 2024 దాకా ఆగారు. .372 బ్యాటింగ్ సగటుతో ఇప్పుడు అగ్రస్థానంలో చూపిస్తున్న జాష్ గిబ్సన్, నల్లజాతి ఆటగాళ్లకు మేజర్ లీగు తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ అందులో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందే, 1947 జనవరిలో కన్నుమూశాడు. గిబ్సన్ ఆడిన ఆటలలో చాలా భాగం ఏ అధికారిక పుస్తకంలోకీ ఎక్కలేదు గనుక మీ నాలుగు వరుసలలో దేనిలోనూ అతని పేరు కనబడదు, ఎప్పటికీ కనబడబోదు. దీని గురించి ఒక్క వాక్యమైనా రాయవచ్చునని మీ విభాగంలో ఎవరికీ తోచలేదా? ఏజెన్సీ పంపిన అంకెలను తెలుగులో దించడమే ఆటల జర్నలిజం అయిపోయిందని అనుకోవలసి వస్తోంది.

ఆ పట్టికను మూడోసారి వేసే ఉద్దేశం ఉంటే, ప్రతి పేరు ఎదుట ఆ ఆటగాడు మైలురాయిని దాటిన సంవత్సరం కూడా వేయండి, పాఠకులే తేల్చుకుంటారు. విల్లీ మేస్ హిట్లు 3283 అని అచ్చువేశారు. నల్లజాతి లీగులో కొట్టిన పదీ కలిపాక అవి 3293. దాన్ని కూడా సరిదిద్దగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
నోవై, మిషిగన్