ఆవకాయ పెట్టాక బయలుదేరండి

నాన్నగారికీ అమ్మకూ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. పాపకు దగ్గు తగ్గింది. నా ఉద్యోగం బాగానే ఉంది, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు.

"అంత డబ్బు పోసి సిడ్నీ వచ్చి చూసేదేముందమ్మా" అన్నారు మొన్న. ఫోనులో సరిగ్గా చెప్పలేక రాస్తున్నాను.

నాన్నగారూ, రాజమండ్రి వెళ్లినప్పుడల్లా హేవలాక్ వంతెన స్తంభాలు మాచేత లెక్కపెట్టించేవారు కదా. ఇక్కడి హార్బర్ వంతెనకు నీళ్లలో ఒక్క స్తంభం కూడా లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు 503 మీటర్ల ఉక్కు కమాను. రెండు వైపుల నుంచీ సగం సగం కట్టుకుంటూ, అవి నీళ్ల మీదికి ఒరిగిపోకుండా ఉక్కు మోకులతో వెనక్కి పట్టి ఉంచి, 1930లో నడుమ కలిపారట. 1932 నుంచి రైళ్లూ కార్లూ దాని మీదే. నడకదారికి లిఫ్టు ఉంది, మీ మోకాళ్లకు మెట్ల బాధ లేదు. టిక్కెట్టు కూడా లేదు.

అమ్మకు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలంటేనే భయం. అందరూ మేన్లీ బీచికి వెళ్లే పడవ ఎక్కమంటారు గానీ, సముద్రం లోపలికి వచ్చే చోట అది బాగా ఊగుతుంది. మనం పర్రమట్టా వైపు వెళ్లే పడవ ఎక్కుదాం. నది మీద, మన కాలువలో వెళ్లినంత నిమ్మళంగా వెళ్తుంది. దిగాక దగ్గర్లోనే హారిస్ పార్కు, అక్కడ అన్నీ మనవాళ్ల హోటళ్లే.

ఆపెరా హౌస్ ఫొటోలో తెల్లగా ఉంటుంది. దగ్గరికి వెళ్తే పది లక్షలకు పైగా పెంకులు, కొన్ని తెలుపు, కొన్ని మీగడ రంగు. దాన్ని రూపొందించిన డెన్మార్క్ ఆయన 1966లో గొడవపడి వెళ్లిపోయారు. 1973లో తెరిచాక కూడా ఎన్నడూ వచ్చి చూడలేదు. అది తెలిసినప్పుడు మీరే గుర్తొచ్చారు. నన్ను ఇంతదాన్ని చేసి, నేనుండే ఇల్లు మీరు చూడకపోవడమేమిటి?

సంక్రాంతికి రాలేదని అత్తయ్య ఏదో అందట. సెలవు దొరకలేదు, అంతే. రావాలని లేక కాదు.

అమ్మా, వాడపల్లి వెంకన్న ఏడు శనివారాలు పూర్తి చేసుకునే రా. ఇక్కడ హెలెన్స్‌బర్గ్‌లో కొండల మధ్య వెంకన్న గుడి ఉంది, తీసుకెళ్తాను. దాళ్వా కోతలయ్యి, ఆవకాయ పెట్టాక బయలుదేరితే మీకు ఎండలు తప్పుతాయి, ఇక్కడ చలి ఇంకా ముదరదు. తినేవి ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కాగితంలో రాయాలి, దాచితే జరిమానా వేస్తారు.

నాన్నగారి పాస్‌పోర్టు గడువు ఎప్పటివరకో చూసి ఆదివారం చెప్పండి.

మీ చిన్నమ్మాయి