ప్లాన్‌లో గ్యాస్ లైనుకు చోటివ్వండి: పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే పనిలో ఉన్న సైట్ ఇంజినీరుని. కొత్త బిల్డింగులతో పాటు పాత ఫ్లాట్ల రెనోవేషన్ పనులూ చూస్తుంటాను. పైపు గ్యాస్ గురించి మీకు ఒక విన్నపం చేయాలని ఈ లేఖ రాస్తున్నాను. కనెక్షన్ ఇవ్వడం మీ శాఖ పని కాదని తెలుసు. పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు ఏ ప్రాంతాన్ని ఏ కంపెనీకి అప్పగిస్తే అక్కడ ఆ కంపెనీయే ఇస్తుంది. కానీ ఆ పైపు ఏ గోడ మీదుగా ఎక్కాలో, ఏ సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ స్థలం) కింద నుంచి రావాలో తేల్చే బిల్డింగ్ ప్లాన్‌కు అనుమతి ఇచ్చేది మీ శాఖే.

ఇప్పుడు జరుగుతున్నది ఇదీ. బిల్డింగ్ పూర్తవుతుంది, నివాసానికి అనుమతించే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వస్తుంది, జనం గృహప్రవేశాలు చేసుకుంటారు. కొన్నాళ్లకు వీధిలోకి గ్యాస్ లైను వస్తుంది. అసోసియేషన్ మీటింగ్ పెట్టి సరే అనుకున్నాక తంటాలు మొదలు. సెట్‌బ్యాక్‌లో పరిచిన పేవర్లు పీకాలి. వాటి కింద సంపు పైపు ఎటు పోయిందో, కరెంటు కేబుల్ ఎటు తిరిగిందో చెప్పగలిగిన మేస్త్రీ ఎప్పుడో వేరే సైటుకు వెళ్లిపోయి ఉంటాడు. రంగులు వేసిన బయటి గోడ మీద జూలాలు (వేలాడే పలకలు) కట్టి, అంతస్తులకు నిలువుగా ఎక్కే రైజర్ పైపుకు క్లాంపులు బిగించాలి. ఒక్కో కిచెన్ గోడకు మెషీన్‌తో రంధ్రం (కోర్ కటింగ్) చేయాలి, లోపల టైల్స్ పగిలితే అదే డిజైన్ మళ్లీ దొరకదు. మధ్య అంతస్తులో ఒక ఓనరు తన గోడ మీద పైపు వద్దంటే పైన ఉన్నవాళ్లందరికీ లైను ఆగిపోతుంది. ఏళ్ల తరబడి పక్కపక్కన బతకాల్సిన వాళ్ల మధ్య ఇలాంటి మాటలు పెరగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇదంతా ప్లాన్ దశలో తేల్చుకుంటే అయ్యే ఖర్చు ఎంత? వంటగది పక్కనుండే యుటిలిటీ బాల్కనీ వైపు గాలి ఆడే చోట రైజర్‌కు ఒక వరుస కేటాయించడం, గోడ కట్టేటప్పుడే పైపు దూరేందుకు ఒక స్లీవ్ (గొట్టం ముక్క) పెట్టి వదలడం, గేటు నుంచి ఆ గోడ దాకా సెట్‌బ్యాక్‌లో ఒక దారి ఖాళీగా ఉంచడం. అంతే. వీధిలోకి లైను ఇంకా రాకపోయినా ఈ ఏర్పాటు ఉంటే చాలు. వచ్చిన రోజున ఎవరి ఇల్లూ పగలగొట్టక్కర్లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 తొమ్మిదో భాగంలో నీటి సరఫరా, డ్రైనేజీలతో పాటు గ్యాస్ సరఫరాకు ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. మన భవన నిర్మాణ నిబంధనలున్న 2012 నాటి జీవో 168 చూడండి. ఓసీ చూపించనిదే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ శాశ్వత కనెక్షన్లు ఇవ్వకూడదని అందులో ఉంది కాబట్టి వాటి లెక్కను బిల్డర్లు ముందే చూసుకుంటారు. గ్యాస్‌ను ఆ పక్కన చేర్చలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గ్యాస్ లేదని ఓసీ ఆపమని నేను అడగడం లేదు, అది జనానికి ఇంకో ఇబ్బంది అవుతుంది. ప్లాన్‌లో రైజర్ చోటు చూపించారా, కట్టాక అది అలాగే ఉందా అన్నంతవరకే చూడమంటున్నాను.

రెనోవేషన్ సంగతి ఇంకా కష్టం. కొత్త బిల్డింగ్‌కైతే ప్లాన్ ఉంటుంది, పరిశీలన ఉంటుంది. ఫ్లాట్ లోపల వంటగది మార్చుకునేవాళ్లు ఎవరి అనుమతీ తీసుకోరు. కార్పెంటర్‌కు గ్యాస్ గురించి చెప్పేవాళ్లు ఉండరు. నేను చూసిన ఒక ఫ్లాట్‌లో మీటరునూ, పక్కనున్న వాల్వ్‌నూ కలిపి ప్లైవుడ్ బాక్సులో మూసేసి పైన లామినేట్ వేశారు. వాల్వ్ మూయాలంటే ముందు స్క్రూడ్రైవర్ వెతుక్కోవాలి. ఆ ఇంట్లో వంట చేసే పెద్దావిడకు అక్కడొక వాల్వ్ ఉందన్న సంగతే తెలియదు.

మన జనానికి సిలిండర్ అలవాటు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. పైపులో వచ్చే సహజవాయువు గాలి కంటే తేలిక, పైకి పోతుంది. అంటే ఇన్నాళ్లూ కింద వదిలిన వెంటిలేషన్ ఒక్కటే సరిపోదు, సీలింగ్ దగ్గర కూడా గాలి బయటికి పోయే దారి ఉండాలి. ఇప్పుడు ఇంటీరియర్ వాళ్లు సరిగ్గా దానికి ఎదురు పని చేస్తున్నారు. వంటగదికి ఫాల్స్ సీలింగ్ దింపుతున్నారు, పాత వెంటిలేటర్‌ను చిమ్నీ పైపు కోసం మూసేస్తున్నారు, యుటిలిటీ బాల్కనీకి అద్దాలు బిగిస్తున్నారు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న పనులే. మూడూ ఒకే ఇంట్లో జరిగితే లీకైన గ్యాస్‌కు బయటికి దారి ఉండదు. వాసన తెలియడానికి అందులో మందు కలుపుతారు, నిజమే. ఇంటికి తాళం వేసి ఊరెళ్తే ఆ వాసన పట్టేదెవరు?

పైపు జరపాలంటే కంపెనీ మనిషే వచ్చి జరపాలి. ఆ మనిషి వచ్చేదాకా కార్పెంటర్, టైల్స్ మేస్త్రీల రోజుకూలి నడుస్తూనే ఉంటుంది. ఆ టెన్షన్‌లో ఎవరో ఒక ప్లంబర్ 'నేను చేస్తాలే సార్' అంటాడు. ప్రమాదం అక్కడే ఉంది. మీరు గ్యాస్ కంపెనీలను పిలిచి కూర్చోబెట్టి, రెనోవేషన్ కోసం లైను తాత్కాలికంగా విప్పడానికి, మళ్లీ బిగించి లీక్ టెస్ట్ చేయడానికి గడువు, ఫీజు ఇంత అని రాయించండి. ఆ కాగితం ప్రతి అసోసియేషన్ నోటీసు బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో ఉండాలి. పని చేసే మేస్త్రీల్లో బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది కాబట్టి హిందీలో కూడా ఉంటే మంచిది.

తవ్వకాల గురించి ఒక మాట. గ్యాస్ పైపు రోడ్డు కింద దాదాపు మీటరు లోతులోనే ఉంటుంది. సెల్లార్ తవ్వే జేసీబీకి, బోరు కనెక్షన్ కోసం గాడి తీసే కూలీకి ఆ సంగతి తెలియదు. తవ్వేముందు లైన్ల యజమానులకు కబురు పెట్టే 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను కేంద్రం 2023 మార్చిలోనే తెచ్చింది. మా పని చోట్ల దాని పేరు విన్నవాళ్లు తక్కువ. సెల్లార్ తవ్వకానికి, రోడ్ కటింగ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే ఆ యాప్‌లో నమోదు చేసిన నంబరు అడిగితే ఈ లోటు తీరుతుంది.

గ్యాస్ పైపు అనగానే మనవాళ్లకు 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో జరిగిన పేలుడు గుర్తొస్తుంది. తెల్లవారుజామున ఇరవై మందికి పైగా సామాన్యుల ప్రాణాలు పోయాయి. అది ఊళ్ల మధ్య నుంచి పోయే పెద్ద లైను. వంటింటికి గ్యాస్ వచ్చే ఒత్తిడి 21 మిల్లీబార్లే, రెండింటికీ పోలిక లేదు. ఆ తేడాను మీటింగుల్లో మేం ఎంత చెప్పినా, పైపులను అడ్డదిడ్డంగా గోడల మీద పాకించాక నమ్మకం ఎలా కలుగుతుంది?

2020లో ఆన్‌లైన్‌లో భవన అనుమతులిచ్చే టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతులు వచ్చాయి. పెద్ద బిల్డింగులకు 21 రోజుల గడువు పెట్టారు. అంత పెద్ద మార్పు చేయగలిగిన శాఖకు ఆన్‌లైన్ దరఖాస్తులో గ్యాస్ రైజర్ చోటు కోసం ఒక గడి చేర్చడం, ఆమోదించిన ప్లాన్ ఒక కాపీ ఆ ప్రాంతపు గ్యాస్ కంపెనీకి దానంతటదే వెళ్లేలా చూడడం కష్టం కాదు. నిబంధనల సవరణకు సమయం పడుతుందంటే, ముందుగా ఐదు అంతస్తులు, ఆపైన ఉండే కొత్త అపార్ట్‌మెంట్ల వరకు ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఈ ఏడాది పునాదులు తీస్తున్న బిల్డింగులకు గోడలు లేవకముందే అది అందాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైట్ ఇంజినీరు,
హైదరాబాద్