కీళ్లవాత రోగుల తరఫున వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

విషయం: దీర్ఘకాలిక వాపు, నొప్పుల చికిత్సలో గంజాయి మొక్క నుంచి తీసిన ఔషధాలపై ప్రభుత్వ ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ జరిపించడం, వాటి నియంత్రణకు రాష్ట్ర స్థాయిలో నియమాలు రూపొందించడం గురించి.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, నల్లకుంటలో నివసిస్తున్నాను. చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంతో బాధపడుతున్నాను. వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్, దానికి తోడుగా ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, వాపు తిరగబెట్టినప్పుడు కొన్నాళ్లపాటు స్టెరాయిడ్ మాత్రలు నా కీళ్లు వంకర్లు పోకుండా కాపాడాయి. ఆ మందులకూ, వాటిని రాసిన వైద్యులకూ నేను రుణపడి ఉన్నాను. అయితే వ్యాధి అదుపులోనే ఉందని రక్త పరీక్షలు చెప్పినా నొప్పి మిగిలే ఉంటుందన్నది ఈ జబ్బు ఉన్న చాలామందికి అనుభవమే. పొద్దున లేచాక చాలాసేపటి వరకు నాకు పిడికిలి బిగుసుకోదు. కుక్కర్ మూత తిప్పలేను, చీర కుచ్చిళ్లు వేళ్ల మధ్య నిలవవు, మాత్రల రేకు చించడానికే మరొకరి సాయం కావాలి.

ఈ నొప్పికి దొరికే మందులు కొద్ది. మామూలు నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్లతో ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. బయొలాజికల్ ఇంజెక్షన్ల ఖర్చు మధ్యతరగతి కుటుంబాలకే మోయలేనిది, ఇక కూలి చేసుకునేవారి సంగతి చెప్పనవసరం లేదు.

అందుకే ఓపీ చీటీ పట్టుకుని వరుసలో కూర్చున్న రోగుల మాటల్లో ఈమధ్య గంజాయి నూనె ప్రస్తావన తరచుగా వినిపిస్తోంది. నా పక్కన కూర్చున్న ఒకావిడ, కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చిన సీసాను సంచిలోంచి తీసి చూపించింది. లోపల ముదురాకుపచ్చ నూనె, మూతకు చుక్కల గొట్టం. చీటీ మీద ధర ఉంది, గడువు తేదీ ఉంది; ఒక చుక్కలో గంజాయిలోని ముఖ్య రసాయనాలైన టీహెచ్‌సీ (మత్తు కలిగించేది) ఎంతో, సీబీడీ (మత్తు కలిగించనిది) ఎంతో మాత్రం లేదు. "ఇది దగ్గర పెట్టుకుంటే పోలీసులు పట్టుకుంటారా మేడమ్?" అని ఆమె నన్నడిగింది. డాక్టరు గారికి చెప్పారా అంటే, తిడతారేమోనని చెప్పలేదంది. ఆమె కూడా నాలాగే మెథోట్రెక్సేట్ వాడుతోంది. అది కాలేయంపై భారం వేసే మందు. సీబీడీ కూడా ఎక్కువ మోతాదులో కాలేయ ఎంజైములను పెంచుతుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వంటి మందుల ప్రభావాన్ని అధికం చేస్తుంది. ఈ సంగతులు తెలిసిన ఏకైక వ్యక్తి, అంటే ఆమె వైద్యుడు, తలుపుకు అవతలే కూర్చుని ఉన్నా ఆ సీసా ఆయన కంట పడలేదు. మంత్రి గారూ, నన్ను ఈ లేఖకు పురికొల్పింది ఆ సీసాయే.

గంజాయిని బజారులో అమ్మనివ్వమని నేను కోరడం లేదు. ముప్పై మంది పిల్లలున్న తరగతిలో ఒక్కరు ఆ అలవాటులో పడినా వారి చదువూ ఇల్లూ ఎలా చితికిపోతాయో ఉపాధ్యాయురాలిగా నాకు తెలుసు. టీహెచ్‌సీ మత్తు కలిగిస్తుంది, ఎదిగే వయసులో మెదడుకు హాని చేస్తుంది, కొందరిలో మతిభ్రమకు దారితీస్తుంది. ఈ విషయంలో మన పోలీసులు, ఎక్సైజ్ సిబ్బంది చేస్తున్న పని సరైనదే, అది కొనసాగాలి. పట్టుబడిన సరుకుతోనే మందు తయారు చేయవచ్చు కదా అని కొందరు సూచిస్తారు గానీ, నేను దానికీ ఒప్పుకోను. బూజు పట్టిందో, పురుగుమందు తాగిందో తెలియని సరుకు ఔషధానికి ముడిపదార్థం కాకూడదు.

శాస్త్రం ఏం చెబుతోందో ఉన్నదున్నట్టు మీ ముందుంచడం నా బాధ్యత. ఈ మొక్కలోని రసాయనాలను అందుకునే గ్రాహకాలు మన శరీరంలో ముఖ్యంగా రెండు రకాలు: ఒకటి ఎక్కువగా మెదడులోనూ నాడుల్లోనూ, రెండోది ఎక్కువగా రోగనిరోధక కణాల మీదా ఉంటాయి. నొప్పితో పాటు వాపు మీద కూడా ప్రభావం ఉండవచ్చన్న ఆశకు ఇదే ఆధారం. సీబీడీ ఇచ్చిన ఎలుకల్లో కీళ్లవాపు తగ్గినట్టు 2000లో ఒక పరిశోధన వెలువడింది. మనుషుల విషయానికొస్తే, బ్రిటన్‌లో నాలాంటి 58 మంది రోగులపై ఐదు వారాల పాటు జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో, టీహెచ్‌సీ, సీబీడీ కలిసిన నోటి స్ప్రే వాడినవారికి కదిలినప్పుడు వచ్చే నొప్పి, విశ్రాంతిలో ఉండే నొప్పి కొంత తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. దీనికి భిన్నంగా, చేతి కీళ్ల అరుగుదల, సోరియాటిక్ ఆర్థరైటిస్ ఉన్నవారికి డెన్మార్క్‌లో 12 వారాలు సీబీడీ ఒక్కటే ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ కనిపించలేదని 2021లో తేలింది. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో దీర్ఘకాలిక నొప్పికి గంజాయి పనిచేస్తుందనడానికి గణనీయమైన ఆధారాలున్నాయని అన్నాయి. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం మాత్రం 2021లో, నాణ్యమైన ఆధారాలు చాలనందున దీని వాడకాన్ని సమర్థించలేమంది. ఇంత భిన్నాభిప్రాయం ఉన్నచోట ఎవరి నమ్మకం వారిదని వదిలేయడం కన్నా, మన రోగులపై, మన వైద్యుల పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో పరీక్షించి చూడడమే న్యాయమని నా అభిప్రాయం. ఫలితం రాదని తేలినా నేను సంతోషంగానే అంగీకరిస్తాను, ఎందుకంటే ఆ సీసాలు కొనవద్దని అప్పుడు ధైర్యంగా చెప్పగలుగుతాం.

ఇది మన నేలకు కొత్త ఆలోచనేమీ కాదు. 1839లోనే కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు విలియం ఓషానెసీ గంజాయి సారాన్ని కీళ్లవాత రోగులకు ఇచ్చి, గమనించిన ఫలితాలను ప్రచురించాడు.

చట్టం అడ్డుపడుతుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్)లోని 8వ సెక్షన్ గంజాయిని నిషేధిస్తూనే వైద్య, శాస్త్రీయ అవసరాలను మినహాయించింది. 10వ సెక్షన్ ప్రకారం సాగు, తయారీ, రవాణా, అమ్మకం, వాడకాలను నియంత్రిస్తూ అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. గంజాయి మొక్క బంక అయిన చరస్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024లో ఔషధ, పారిశ్రామిక అవసరాలకు నియంత్రిత సాగు వైపు అడుగు వేసింది. జమ్మూలో కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి (సీఎస్ఐఆర్)కి చెందిన సంస్థలో ఔషధ పరిశోధన కోసం ఈ మొక్కను అనుమతితో పెంచుతున్నారు. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్, గంజాయిని అతి ప్రమాదకర పదార్థాల నాలుగో షెడ్యూలు నుంచి తొలగించాలని 27–25 ఓట్లతో నిర్ణయించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటు వేసింది.

మార్ఫిన్ విషయంలో జరిగింది మీకు తెలియనిది కాదు. అదే చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి, క్యాన్సర్ రోగులు ఏళ్ల తరబడి నొప్పితో విలవిల్లాడారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు సరళమైన పద్ధతి ఏర్పరచారు. గంజాయి కన్నా ఎంతో ప్రమాదకరమైన ఆ మందును మన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో తాళం వేసిన బీరువా, లెక్కల పుస్తకం, శిక్షణ పొందిన వైద్యుల సాయంతో రోగులకు అందిస్తున్నారు. హైదరాబాద్‌లో మనకు చేతనైన పనే ఇది.

కాబట్టి నా మొదటి విన్నపం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి రుమటాలజీ (కీళ్లవాత చికిత్స) విభాగం ఆధ్వర్యంలో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి తీసుకుని, మోతాదు ఖచ్చితంగా తెలిసిన సారంతో ఒక ట్రయల్ జరిపించమని. చికిత్స ఖర్చు రోగిపై పడకూడదు. మహిళలు తగినంత మంది ఉండాలి, ఎందుకంటే ఈ జబ్బు మాకే ఎక్కువ. నమూనాల విశ్లేషణకు తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలానగర్‌లో ఔషధ విద్యా పరిశోధన సంస్థ నైపర్ ఉండగా సామర్థ్యం లేదనే మాట రాదు. ఎక్సైజ్ శాఖతో కలిసి 10వ సెక్షన్ కింద వైద్య అవసరాలకు మాత్రమే వర్తించే నియమాల ముసాయిదాను ప్రజల ముందుంచి అభ్యంతరాలు ఆహ్వానించాలని కూడా కోరుతున్నాను.

ఇవి సమయం పట్టే పనులు. వెంటనే చేయదగినది ఒకటుంది. ఆయుర్వేద మందుల పేరుతో అమ్ముడవుతున్న విజయ (ఆయుర్వేదంలో గంజాయి మొక్కకు పేరు) నూనెలను ఔషధ నియంత్రణ అధికారులు సేకరించి, వాటిలో ఏముందో పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రకటించాలి. భంగు, అంటే గంజాయి ఆకు, ఔషధ నియమాల్లోని విషపదార్థాల జాబితా అయిన షెడ్యూల్ ఇ(1)లో ఉన్నది కాబట్టి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక వాటిపై ఉండి తీరాలి. ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులకు కూడా ఒక సర్క్యులర్ పంపి, రోగి ఇలాంటివి వాడుతున్నారా అని మందలింపు లేకుండా అడిగి, కేసు షీటులో రాసుకుని, కాలేయ పరీక్ష చేయించమని ఆదేశించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ కేటాయింపూ అక్కర్లేదు.

ఈ విన్నపాలపై మీ శాఖ నిర్ణయాన్ని వ్రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా, అవకాశం ఉంటే రోగుల ప్రతినిధులనూ నిమ్స్ వైద్యులనూ ఒకసారి పిలిపించి మాట్లాడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్