మన ఆధునిక వాస్తుకళాభిమానుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఎండను లెక్కచేయకుండా ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. మన ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ వల్లించను. అయితే మన ప్రదర్శనకు వచ్చినవారిలో చాలామంది సింహద్వారం ఏ దిక్కున పెట్టుకోవాలని అడిగారు కాబట్టి ఒక్క మాట చెప్పక తప్పదు. మనది గృహవాస్తు చెప్పే సంఘం కాదు. మన కాలపు మనుషులు సాహసించి కట్టిన భవనాలను, అంతే సాహసంతో గీసి కట్టలేకపోయిన భవనాలను చూసి, మెచ్చుకొని, వాటి గురించి వాదించుకొనే సంఘం.

ఈ సంవత్సరం మన కార్యక్రమాలు ఒక సంతాప సభతో మొదలయ్యాయి. 1993లో వాస్తుకళలో అత్యున్నతమని పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న జపాన్ వాస్తుశిల్పి ఫుమిహికో మాకీ 2024 జూన్ 6న 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తెలుగువారికి ఆయన పరాయివారు కారు. అమరావతి ప్రభుత్వ భవన సముదాయం కోసం జరిగిన పోటీలో 2016లో న్యాయనిర్ణేతలు ఎంపిక చేసింది ఆయన సంస్థ నమూనానే. రిచర్డ్ రోజర్స్ సంస్థ, మన బాలకృష్ణ దోషి సంస్థ ఆ పోటీలో చివరిదాకా నిలిచాయి. తరువాత ప్రభుత్వం మాకీ నమూనాను పక్కనపెట్టి పనిని నార్మన్ ఫోస్టర్ సంస్థకు అప్పగించింది. మౌనం పాటించి ముగించాలనుకున్న ఆనాటి సభ మూడు గంటల చర్చగా మారింది. మాకీ గీసిన శిఖరాలు పొగగొట్టాల్లా ఉన్నాయని అప్పట్లో వచ్చిన విమర్శ సరైనదేనని, తమ శాసనసభను చూసి ప్రజలు గర్వపడలేకపోతే ఎంత గొప్పవారు గీసినా ప్రయోజనం లేదని ఒక పక్షం గట్టిగా వాదించింది. పోటీ పెట్టి, ఎంపిక చేసి, ఆనక మార్చుకుంటే ఇక పోటీకి విలువేముందని రెండో పక్షం నిలదీసింది. నా అభిప్రాయాన్ని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. పత్రికల్లో అచ్చయిన ఒకటి రెండు బొమ్మలు తప్ప, ఆ భవనంలోకి వెలుతురు ఎటునుంచి వస్తుందో, పల్లె నుంచి వచ్చిన మనిషి ఏ ద్వారం గుండా లోపలికి వెళతాడో ఆ రోజు వాదించిన మనలో ఎవరమూ చూసినవాళ్లం కాము. ప్లాను చదవకుండా, నమూనా చుట్టూ తిరిగి చూడకుండా మెచ్చుకున్నా తెగిడినా అది తొందరపాటే. జనవరి ప్రదర్శనకు బీజం ఆ సాయంత్రమే పడింది.

సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో హనుమకొండలో మూడు రోజుల పాటు మనం జరిపిన కట్టని కట్టడాల ప్రదర్శన, సంఘం పుట్టిన నాటి నుంచి చేసిన పనులన్నిటిలోకీ పెద్దదని సంతోషంగా చెప్పుకుంటున్నాను. ఫోటోలు అతికించి ఊరుకోకుండా, ముఖ్యమైన నమూనాలను మన ఊరి పనివాళ్ల చేతనే చేయించాలని కార్యవర్గం తీర్మానించింది. రష్యా కళాకారుడు వ్లదిమిర్ తాత్లిన్ 1919–20 సంవత్సరాలలో రూపొందించిన గోపురాన్ని నిజంగా కట్టి ఉంటే 400 మీటర్ల ఎత్తుతో ఈఫిల్ టవరును మించిపోయేది. రెండు ఇనుప చుట్లు ఒకదానినొకటి పెనవేసుకుంటూ ఒక పక్కకు ఒరిగి పైకి లేస్తాయి. లోపలి గాజు మందిరాల్లో కిందిది ఏడాదికొకసారి, మధ్యది నెలకొకసారి, దానిపైది రోజుకొకసారి తన చుట్టూ తాను తిరగాలని ఆయన సంకల్పం. దీనిని 8 అడుగుల ఎత్తున, అంటే అడుగుకు 50 మీటర్ల లెక్కన, వెదురు బద్దలతో అల్లే పనిని వరంగల్‌లోని ఒక మేదరి పెద్దాయనకు అప్పగించాం. జీవితమంతా తట్టలు, చాటలు అల్లిన ఆయన మేమిచ్చిన డ్రాయింగును నేలమీద పరిపించి, చుట్టూ రెండుసార్లు తిరిగి, "సార్, ఇది ఒరిగిందని మీరంటున్నరు. ఒరగలే, ఒక కాలు మీద బరువేసి నిలబడ్డది" అన్నారు. తాత్లిన్ గురించి నేను ఇంతకాలం చదివినదంతా ఆ ఒక్క మాటతో నాకు స్పష్టమైంది.

ప్రదర్శనకు ముందు రోజు రాత్రి పచ్చి బద్దలు ఆరి, ముడులు వదులై, పైచుట్టు మొత్తం జారి కిందికి వచ్చింది. ఫోను చేయగానే ఆ పెద్దాయన తెల్లవారుజామున 4 గంటలకు మనవడిని వెంటబెట్టుకొని వచ్చారు. బద్దలకు తడిగుడ్డలు చుట్టి మెత్తబరిచి, మేము తొందరలో కట్టిన ప్లాస్టిక్ తాడునంతా కోసి పారేసి, ప్రతి కలయిక దగ్గరా సన్నగా చీల్చిన వెదురుతోనే మళ్లీ బిగించి, 9 గంటలకు గోపురాన్ని నిలబెట్టారు. అది ఇప్పటికీ మన కార్యాలయంలో చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. చూడనివారు దయచేసి వచ్చి చూడండి.

పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం బాన. ఫ్రాన్సుకు చెందిన ఎతియెన్ లూయీ బుల్లే 1784లో న్యూటన్ స్మారకంగా దాదాపు 150 మీటర్ల వ్యాసంతో ఒక గోళ భవనాన్ని గీశారు. ఆధునికం అనిపించుకున్న కట్టడాలకు 100 ఏళ్లకు పైగా ముందరిదే అయినా, దానిని చూసినవారు నిన్న గీసినదనే అనుకుంటారు. గోళం పైభాగంలోని చిల్లుల గుండా పగటి వెలుతురు చీకటి మందిరంలోకి దిగి నక్షత్రాల్లా మెరవాలన్నది ఆయన ఊహ. ఒక కుమ్మరి సోదరుడు కాల్చి ఇచ్చిన పెద్ద బానకు సన్నని రంధ్రాలు పెట్టి, నాలుగు కర్రల మీద బోర్లించి, కింద నుంచి తల దూర్చి చూసే ఏర్పాటు చేశాం. ఒక అమ్మాయి తల బయటికి తీసి, వాళ్లమ్మతో "అమ్మా, పగటి పూట చుక్కలు" అని చెప్పి మళ్లీ వరుస చివరికి వెళ్లి నిలబడింది.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1956లో ప్రకటించిన మైలు ఎత్తు భవనాన్ని 22 అడుగుల గుడ్డ మీద గీయించి, హాలు కప్పు ఎత్తు చాలక మేడ మీది నుంచి బయటి గోడకు వేలాడదీశాం. 528 అంతస్తులు, అణుశక్తితో నడిచే లిఫ్టులు ఉన్న ఆ ఊహ పక్కనే, 1886 నాటి కేంద్ర కారాగారాన్ని 2021లో తొలగించిన స్థలంలో మన వరంగల్‌లో లేస్తున్న 24 అంతస్తుల ఆసుపత్రిని అంతస్తుల లెక్కన అదే కొలతలో, అంటే సరిగ్గా ఒక్క అడుగు ఎత్తున గీయించాం. ఆ అడుగు దగ్గర గుమిగూడినవారిలో కొందరు ఆసుపత్రి ఎప్పుడు పూర్తవుతుందని అడిగారు, కొందరు జైలు గోడల గురించి మాట్లాడారు. రెండూ న్యాయమైన మాటలే.

చివరి రోజు సాయంత్రం జరిగిన చర్చలో ఒక విశ్రాంత ఇంజనీరు గారు, సలాక వంచి, కాంక్రీటు పోసి, నాలుగు వానలకు తట్టుకున్న దానినే కట్టడం అంటారని, మిగిలినవన్నీ బొమ్మలేనని తేల్చి చెప్పారు. డ్రాయింగు బోధించే ఒక అధ్యాపకురాలు దానికి వాస్తుశిల్పి జహా హదీద్ ఉదాహరణతో జవాబిచ్చారు. 1983లో హాంకాంగ్ కొండ మీది భవనం పోటీలో గెలిచినా అది నేలమీదికి రాలేదు, హదీద్ పేరు నిలబెట్టిన తొలి భవనమైన జర్మనీలోని అగ్నిమాపక కేంద్రం 1993లో పూర్తయింది. ఆ పదేళ్ల గీతలు వృథా అయితే ఆ భవనం ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె అడిగారు. ఇంజనీరు గారు సిడ్నీ ఒపెరా హౌస్‌ను ముందుకు తెచ్చారు. 1957లో దాని నమూనా పోటీలో డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ గెలిచిన నాటికి ఆ కప్పులను ఎలా కట్టాలో ఎవరికీ తెలియదని, కప్పులన్నీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలుగా మార్చిన తరువాతనే పని సాధ్యమైందని, 1966లో ఉట్జన్ తప్పుకున్నా 1973లో భవనం తెరుచుకున్నదని ఆయన వివరించారు. గీత ఎంత ముఖ్యమో సెంట్రింగు అంత ముఖ్యమన్న ఆయన మాటకు సభలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ అధ్యాపకురాలే.

నవంబరు 19న హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైంది. ప్రజాకవి శతజయంతి నాడు, 2014లో శంకుస్థాపన జరిగిన భవనం పదేళ్లకు తలుపులు తెరిచింది. మన సభ్యులు బృందంగా వెళ్లి చూశారు. దాని ముఖభాగం మీద అభిప్రాయాలు ఇంకా కుదరనందున చర్చను వచ్చే ఏడాదికి వాయిదా వేశాం.

ఇక బాధతో చెప్పవలసిన విషయం. హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో 1950 నుంచి 1990 మధ్య కట్టిన చెప్పుకోదగ్గ భవనాల పట్టిక తయారుచేయాలని గత సర్వసభ్య సమావేశంలో మనమే ఏకగ్రీవంగా తీర్మానించాం. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అంటే నేటి నిట్, నాటి భవనాలతో మొదలుపెట్టి, జాలీ ఇటుకల గోడలు, పొడవైన సజ్జలు, మొజాయిక్ గచ్చులు ఉన్న ఇళ్ల దాకా అన్నిటినీ కొలిచి, ఫోటోలు తీయాలన్నది తీర్మానం. ఆ రోజు 11 మంది పేర్లు ఇచ్చారు. ఆగస్టులో మొదటి ఆదివారం ఉదయం వచ్చింది ఇద్దరు, అందులో ఒకరు నేను. పాత మంజూరు ప్లాన్లు చూడనివ్వమని ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం, రెండుసార్లు స్వయంగా వెళ్లాం. ఈ నివేదిక రాసేనాటికీ జవాబు లేదు.

ఆ ఆదివారం హనుమకొండలో ఒక ఇంటి ముందు ఆగాం. వరండా పక్కన నడిమి స్తంభం లేకుండా గాలిలో తిరిగినట్లు పైకి వెళ్లే కాంక్రీటు మెట్లు, ప్రతి మెట్టు అంచునా ఎర్రటి మొజాయిక్ పట్టీ. ఆ ఇంటి పెద్దమ్మ మాకు మంచినీళ్లిచ్చి, "బిడ్డా, తీసుకునేదుంటే ఇయ్యాల్నే తీసుకోండ్రి, మా పిల్లగాండ్లు బిల్డరుకు ఇచ్చేసిన్రు" అన్నారు. ఫోటోలు తీశాం కానీ, ఆ మెట్లు ఏ ఆధారంతో నిలబడ్డాయో కొలవడానికి టేపు పట్టే మూడో మనిషి లేక వచ్చే వారం చూద్దామని తిరిగి వచ్చాం. వచ్చే వారం, ఆ పై వారం కూడా ఎవరూ రాలేదు. దసరా తరువాత వెళ్లేసరికి స్థలం చదునుగా ఉంది, గేటు పక్కన ఒక మెట్టు ముక్క మిగిలింది. దానిని తెచ్చి కార్యాలయంలో పెట్టాను. పేర్లు ఇచ్చిన సభ్యుల పట్ల నాకు కోపం లేదు, కానీ ఆ మెట్ల కొలతలు ఇక ఎవరికీ దొరకవని సభకు తెలియజేయడం నా బాధ్యత.

మార్చిలో ఢిల్లీలోని ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్ మీద జరిపిన చర్చకు ఇదే నేపథ్యం. రాజ్ రేవాల్ రూపకల్పనతో, మహేంద్ర రాజ్ ఇంజనీరింగుతో 1972లో లేచిన ఆ భవనం, లోపల ఒక్క స్తంభం లేకుండా కాంక్రీటు కడ్డీలను త్రికోణాలుగా జోడించి కప్పిన మహాద్భుతం. ఇతర దేశాల్లో ఉక్కుతో చేసే పనిని, మన దేశంలో ఉక్కు ఖరీదు కావడం వల్ల, కూలీల చేతులతో కాంక్రీటులో పోశారు. 60 ఏళ్లు నిండనిదానికి వారసత్వ హోదా ఇవ్వలేమన్నారు, 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి కూల్చివేశారు. ఫోటోలు చూసిన ఒక సెంట్రింగు మేస్త్రీ, ఏటవాలు కడ్డీలు అన్నీ ఒకచోట కలిసే ఆ ముడుల్లో కాంక్రీటును సందు లేకుండా ఎలా నింపారని అడిగి, జవాబు వినకముందే చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నారు. కొత్త అవసరాలు వచ్చినప్పుడు పాతవి పోక తప్పదని వాదించిన సభ్యుల మాటను నేను తోసిపుచ్చను. అయితే 1213 నాటి రామప్ప గుడి కూడా ఒకనాడు కొత్త కట్టడమే. శిఖరం బరువు తగ్గించడానికి నీటిపై తేలే ఇటుకలు వాడటం, పునాదిని ఇసుకతో నింపడం ఆ కాలానికి పెద్ద సాహసం. ఆ సాహసానికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే పండుగ చేసుకున్న మనం, మన కళ్లముందు పుట్టిన సాహసాలకు వయసు చాలలేదనడం నాకు సమంజసంగా తోచడం లేదు.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. క్లుప్తంగా, ఈ సంవత్సరం రాబడి రూ. 1,86,400, ఖర్చు రూ. 1,79,250, నిల్వ రూ. 7,150. ఖర్చులో అధిక భాగం ప్రదర్శనదే. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే చెల్లించగలరు.

ప్రదర్శనకు హాలు ఉచితంగా ఇచ్చిన యాజమాన్యానికి, మేదరి పెద్దాయనకు, ఆయన మనవడికి, బాన చేసిన కుమ్మరి సోదరునికి, 22 అడుగుల గుడ్డ కుట్టి కూలి తీసుకోని దర్జీ గారికి, మూడు రోజులూ మధ్యాహ్న భోజనం వండి పంపిన సభ్యుల కుటుంబాలకు, బడి పిల్లలను వరుసలో నడిపించిన ఉపాధ్యాయులకు, వార్తలు ప్రచురించిన విలేఖరులకు, చర్చల్లో ఎంత వాదించినా ఒకరినొకరు గౌరవించుకున్న సభ్యులందరికీ కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

భవనాల పట్టిక పని వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం 6.30 గంటలకు కాజీపేటలో మళ్లీ మొదలవుతుంది. కనీసం ఆరుగురు కావాలి. 30 మీటర్ల టేపులు రెండు సంఘం కొన్నది. నోటు పుస్తకం, గొడుగు, మంచినీళ్లు ఎవరివి వారు తెచ్చుకోగలరు. పేర్లు ఈ సమావేశం ముగిసేలోగా నాకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయ,
కార్యదర్శి