రొయ్యల గుంటలకు దగ్గర్లోనే నీటి పరీక్ష కావాలి

సంపాదకుడు గారికి,

వాకాడు, చిట్టమూరు మండలాల్లో రొయ్య పేగు తెల్లబడే వైట్ గట్ జబ్బు మళ్లీ కనిపిస్తోంది. అమ్ముకునే సైజు (కౌంట్) రాకముందే రైతులు రొయ్యలు పట్టేస్తున్నారు. ఇలాంటప్పుడల్లా వినపడేవి రెండే మాటలు: రొయ్య పిల్ల మంచిది కాదు, లేదంటే మందు పనిచేయలేదు. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. వనామి రకం రొయ్య సాగు చేసే రైతుగా ఆ సంగతే మీ పత్రికలో చెప్పుకోవాలనుకుంటున్నాను.

రొయ్యకు మనలాగా యాంటీబాడీలు తయారుకావు. కోళ్లకు వేసినట్టు దానికి టీకాలు వేసి కాపాడుకునే దారి మనకు లేదు. దాని కాపలా చాలావరకు రక్తంలోని కణాలదే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా, అమ్మోనియా, నైట్రైట్ పెరిగినా ఆ కణాలు తగ్గిపోతాయి. విబ్రియో బ్యాక్టీరియా దాదాపు ప్రతి గుంటలోనూ ఉంటుంది. నీళ్లు బాగున్నన్నాళ్లు రొయ్య దాన్ని తట్టుకుంటుంది, నీళ్లు చెడ్డాయంటే లొంగిపోతుంది. రోగాలు లేవని పరీక్షించి తెచ్చిన తల్లి రొయ్యల పిల్లకైనా ఇదే వర్తిస్తుంది. అది రోగం లేకుండా గుంటలోకి దిగుతుంది గానీ, దిగాక రోగం రాదని పిల్లను తీసే ఏ హేచరీ హామీ ఇవ్వలేదు.

మన తీరానికి అసలు గండం ఈశాన్య రుతుపవనాలతో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం పట్టినా ఒక్క రాత్రిలో గుంటలో ఉప్పు శాతం, పీహెచ్, వేడి మూడూ పడిపోతాయి. రెండు మూడు రోజులు ఎండ లేకపోతే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు (ప్లాంక్టాన్) చచ్చి అడుక్కి చేరి కుళ్లుతాయి. ఆ కుళ్లు ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది. ఉప్పు మారిన దెబ్బకు చాలా రొయ్యలు ఒకేసారి పొర విడుస్తాయి. ఆక్సిజన్ ఎక్కువ కావాల్సింది అప్పుడే, దొరకనిదీ అప్పుడే. తెల్లమచ్చ వైరస్ కూడా నీళ్లు చల్లబడితే చెలరేగుతుంది, 32 డిగ్రీలు దాటిన నీళ్లలో దాని జోరు తగ్గుతుంది. 1994 తర్వాత టైగర్ రొయ్యను ముంచింది ఆ వైరసే. 2009లో వనామికి అనుమతి వచ్చాక కూడా అది మనల్ని వదల్లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేసి చూడండి. నీళ్లు చెడిన గుంటలో రొయ్యలు గట్టు వారకు చేరి నీటి పైపైనే తిరుగుతుంటాయి. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంటుంది. రొయ్యను వెలుతురుకు పట్టి చూస్తే వీపు మీద నల్లటి గీతలా కనపడాల్సిన పేగు తెగి తెగి, ఖాళీగా ఉంటుంది. ఆ వేళకు డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పడి ఉంటుంది. కానీ మేము శాంపిల్ సీసాలో పట్టుకుని బస్సెక్కి ల్యాబ్‌కు చేరేసరికి పది దాటుతుంది. అప్పటికి ఎండ ఎక్కి గుంటలో ఆక్సిజన్ మళ్లీ పెరిగి ఉంటుంది, సీసాలోని నీళ్లూ మారిపోయి ఉంటాయి. రిపోర్టులో అంతా బాగానే ఉందని వస్తుంది. రైతు మాత్రం ఇంటికెళ్లి టెన్షన్‌తో మందుల డబ్బాలు విప్పుతాడు. ల్యాబ్ పెట్టినవాళ్లే మందులు అమ్ముతున్న చోట, రిపోర్టు చేతికొచ్చేటప్పుడే మందుల చీటీ కూడా వచ్చేస్తుంది. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా రొయ్యలో దాని అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే నేరం. ఒకరు గుంట నీళ్లు ఏ కాలవలోకి వదులుతున్నారో, పక్క రైతు మోటారు పెట్టి తోడుకునేదీ అదే కాలవ నుంచి. రొయ్య ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి జబ్బు రొయ్య మలంతో పాకుతుంది, దానికి నమ్మదగ్గ మందు కూడా లేదు. చిన్న రైతు తనకున్న రెండు మూడెకరాల్లో విడిగా శుద్ధి గుంట ఎక్కడ తవ్వుతాడు? పది పదిహేను మంది రైతులకు కలిపి ఒకటి తవ్వించాల్సింది ప్రభుత్వమే. నీళ్లు తెచ్చే కాలవ, వదిలే కాలవ వేరువేరుగా ఉండాలి.

జిల్లా కలెక్టరు గారికి, మత్స్యశాఖకు నా విన్నపం. తీర మండలాల్లోని ప్రతి గ్రామ మత్స్య సహాయకుడికి డీవో మీటరు, పీహెచ్, ఉప్పు, అమ్మోనియా చూసే కిట్ ఇవ్వండి. తెల్లవారకముందే గట్టు మీదే రీడింగ్ తీయించండి. మేము నీళ్లు తోడుకునే క్రీకు (సముద్రపు పాయ) రీడింగులు సచివాలయం బోర్డు మీద రాసి, వాట్సాప్‌లో పంపితే ఏ రోజు నీళ్లు తోడాలో, ఏ రోజు ఆగాలో మాకు తెలుస్తుంది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం విద్యార్థులను ఈ పనిలో కలుపుకుంటే ఇద్దరికీ మేలు. వాన రాత్రుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే మేము చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి, గుంటలకు కరెంటు ఇచ్చే ఫీడర్లలో సరఫరా పోకుండా విద్యుత్ శాఖ చూడాలి. ఇవన్నీ అక్టోబరు వానలకు ముందే మొదలైతే ఈ పంటకే పనికొస్తాయి.

– ఒక రొయ్యల రైతు,
వాకాడు మండలం, తిరుపతి జిల్లా