బాబు రిపోర్టులోని ఆ జీ6పీడీ సంగతి

ఒరేయ్ శీనూ,

బాబు మడమ నుంచి తీసిన రక్తంలో జీ6పీడీ తక్కువుందన్నారని ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకున్నారట. ముందు అదేం చేస్తుందో చెప్తాను, ఎక్కడ జాగ్రత్తపడాలో నీకే తెలిసిపోతుంది.

పూర్తి పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. అదొక ఎంజైము, అంటే ఒంట్లో రసాయన చర్య నడిపే ప్రోటీను, 515 అమైనో ఆమ్లాల గొలుసు. ఒంటరిగా పనిచెయ్యదు, రెండో నాలుగో జతకట్టాల్సిందే. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నుంచి హైడ్రోజన్ తీసి ఎన్‌ఏడీపీ అనే హైడ్రోజన్ మోసే అణువుకు అందిస్తుంది, అది ఎన్‌ఏడీపీహెచ్ అవుతుంది. గొలుసులో 205వ చోట ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లం ఆ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌ను పట్టుకుంటే, 263వ చోట ఉన్న హిస్టిడిన్ అసలు పని కానిస్తుంది. తమాషా ఏంటంటే, ఒక్కో గొలుసులో ఇంకో ఎన్‌ఏడీపీ కూడా ఇరుక్కుని ఉంటుంది. చర్యలో దానికి పాత్ర లేదు, మడతలు విడిపోకుండా కాపు కాస్తుందంతే.

మిగతా కణాలకు ఎన్‌ఏడీపీహెచ్ తయారుచేసుకునే దారులు ఇంకా ఉన్నాయి. ఎర్రకణానికి ఇదొక్కటే. కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేసేది ఆ ఎన్‌ఏడీపీహెచ్చే. అది అందకపోతే హిమోగ్లోబిన్ ముద్దకట్టి పొరకు అంటుకుంటుంది, కణం చితికిపోతుంది. కళ్ళు పచ్చబడతాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది.

ఎర్రకణానికి కేంద్రకం లేదు కాబట్టి పాడైన ఎంజైము స్థానంలో కొత్తది రాదు. మామూలు ఎంజైము సగానికి తగ్గడానికి 60 రోజులు పడితే, ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే ఏ-మైనస్ రకానికి 13 రోజులే. మన దేశపు గిరిజనుల్లో కనిపించే ఒరిస్సా రకం తీరు వేరు: ప్రోటీన్ గట్టిదే, 44వ చోట అలనిన్ పోయి గ్లైసిన్ రావడంతో ఎన్‌ఏడీపీ మీద పట్టు సడలింది.

ఇందుకే పరీక్ష ఎప్పుడు చేశారన్నది ముఖ్యం. కణాలు చితికిన వెంటనే చూస్తే ముసలివన్నీ పోయి లేతవే మిగులుతాయి, రిపోర్టు నార్మల్ అని మోసం చేస్తుంది. రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయించాలి. ఇంకో మెలిక: కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్క ఎండకు, ఉక్కకు గురైతే లేని లోపం కూడా ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన ట్యూబు) తాజా రక్తం ఇచ్చి, అంకె వచ్చే పరీక్ష చేయించు. 340 నానోమీటర్ల కాంతిలో ఎన్‌ఏడీపీహెచ్ ఎంత వేగంగా పెరుగుతోందో కొలుస్తారు.

జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి నీ వైపు వాళ్ళను వెతక్కు, అలాగని చెల్లెమ్మనూ ఎవరూ ఒక్క మాట అనకూడదు. లోపమున్న జన్యువు ఒకటి మోసే ఆడవాళ్ళలో సగం కణాలు బాగుండి సగం బాగోకపోవచ్చు, వాళ్ళను చుక్క పరీక్ష తరచూ పట్టుకోలేదు.

ఇక ఇంట్లో చెయ్యాల్సినవి, అంటే ఎర్రకణాలను చితక్కొట్టేవాటిని దూరం పెట్టడం. బట్టల బీరువాలోంచి కలరా ఉండలు తీసిపారెయ్యి. వాటితో దాచిన పాత బొంతలు, ఉయ్యాల చీరలు బాబు దగ్గరికి రానివ్వకు, ఆ నాఫ్తలీన్ చర్మం గుండా, గాలి గుండా లోపలికి పోతుంది. ముచ్చటకని కూడా గోరింటాకు పెట్టకండి. పడని మందుల్లో ప్రైమాక్విన్, డాప్సోన్, రాస్బరికేస్, మిథిలిన్ బ్లూ పేర్లు ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టు, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు అదే చూపించు. జ్వరానికి పారాసెటమాల్ మామూలు మోతాదులో వాడొచ్చు. తిండిలో పడనిది ఫావా బీన్స్ అనే వేరే రకం చిక్కుడు, మన పందిరి చిక్కుడు కాదు, అమ్మ వండింది చెల్లెమ్మను నిశ్చింతగా తిననివ్వు.

ఈ మొదటి వారాల్లో పచ్చదనం పెరిగినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా తెల్లారేదాకా చూడొద్దు. ఆ రాత్రే తీసుకెళ్ళి బిలిరుబిన్ (కామెర్ల పచ్చదనం తెచ్చే పదార్థం) పరీక్ష చేయించు.

నీ
మురళి